లారీ అద్దంలో మస్తాను బొమ్మ

"పిన్నీ, మస్తానన్న గోడల మీద బొమ్మలేసేవాడు కదా, ఈ స్టూడియోలోకి ఎట్టా వచ్చాడు? చెప్పు, ఫోన్లో రికార్డు పెట్టా."

ఎట్టా వచ్చాడంటే ఏం చెప్పేదే స్వాతీ, ఎనక్కి నడుచుకుంటా వచ్చాడు. నవ్వబాక. నిజం.

మావాడికి ఎవరూ నేర్పలా. బడికి పోయే దోవలో గోడల మీద రాతలు చూసి చూసి వాడే పట్టుకున్నాడు. పది తప్పాడులే, అది రికార్డు చెయ్యబాక. ఇత్తనాల కంపెనీలు, పెళ్ళి ఆర్చీలు, ఎలక్షన్లొస్తే గుర్తులు. ఈ పార్టీది ఈ గోడకి, ఆ పార్టీది ఎదురుగోడకి. రెండూ వాడే. వాళ్ళూ వాళ్ళూ కొట్టుకునేవాళ్ళు, ఇద్దరూ మావాడికి టీ తాపేవాళ్ళు. అప్పుడు టీ అయిదు రూపాయలు, గ్లాసు నిండా. ఇప్పటిలాగ గుక్కెడు కాదు.

ఏం చెప్తన్నా? ఆఁ, నడక. గోడ బొమ్మ దగ్గరుంటే తెలవదంట. నాలుగు గీతలు గియ్యటం, ఎనక్కి నడుచుకుంటా రోడ్డవతలికి పోయి చూడటం. కళ్ళు బొమ్మ మీద, ఈపు రోడ్డు మీద.

గురజాల రోడ్డులో ఒక మిల్లు గోడకి మిరపకాయ వేస్తన్నాడు. మనిషంత... కాదు, మన ఇల్లంత. సగం వేశాడు. ఎనక్కి నడిచాడు. ఆటో వచ్చింది.

కాలు విరిగింది. అంతే చెప్తా. ఇప్పటికీ హారన్ గట్టిగా ఇనపడితే వాడికి ఫోను చేసి, ఎక్కడున్నావురా అంటా.

ఆ సగం కాయని గుంటూరు మాస్టారొకాయన బస్సులోంచి చూశాడంట. బొమ్మలేసే ఆయనే, స్టూడియో ఉంది. వాకబు చేసుకుంటా నరసరావుపేటలో మా ఇంటికొచ్చాడు. "సగం కాయే ఇంత ఘాటుగా ఉంటే మొత్తం వేస్తే ఏమైపోతామయ్యా, నా దగ్గరికి రా" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. గదిలో ఆటోలు తిరగవుగా.

కాలు అతుక్కున్నాక పోయాడు. నెల తిరక్కుండా ఫోను. "అమ్మా, వచ్చేస్తన్నా. నాలుగడుగులేస్తే గోడ తగులుద్ది. నా బొమ్మ నాకే కనపడట్లా. రోడ్డే నయం."

రోడ్డే నయమంట! తెల్లారి కారేజీలో చేపల పులుసు పెట్టుకుని బస్సెక్కా. మేడ మీద గది. తలుపు తీసుంది. వీడు బొమ్మని చూసుకుంటా ఎనక్కి, ఎనక్కి, గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చేశాడు.

"ఆగరా!"

ఆగాడు. ఒక్క అడుగే ఉంది. కారేజీ మాత్రం మెట్లన్నీ దిగిపోయింది. మాస్టారు బయటికొచ్చి, "అమ్మా, నీ అరుపుకి నా బొమ్మలో కలెక్టరుగారి ముక్కు వంకరపోయింది" అన్నాడు. "మీ ముక్కు అట్టా ఉంచండి, నా బిడ్డ కాలు చూడండి" అన్నా.

వచ్చేటప్పుడు బస్సులో ఏడిస్తే ఏమొస్తదని, ఆలోచించా. మా అన్నకి లారీల షెడ్డు ఉంది కదా. ఆ లారీ పక్కద్దంలో ఎప్పుడు చూసుకున్నా, అబ్బ, ఎంత సన్నంగా ఉన్నానో అని మురిసిపోయేదాన్ని. అది అద్దం మహిమ. అందులో ఏదైనా చిన్నగా, దూరంగా కనపడుద్ది.

మర్నాడు పాతదొకటి ఊడబీకించి తీసకపోయా. బొమ్మకి ఎదురుగోడకి తగిలించి, "ఇదిగో నీ రోడ్డవతల. నిలబడ్డకాడే ఎనక్కి తిరిగి అద్దంలో చూడు" అన్నా.

చూశాడు. బొమ్మకేసి తిరిగాడు, మళ్ళీ అద్దంలోకి చూశాడు. చివరికి, "పచ్చ ఎక్కువైందమ్మా" అన్నాడు.

అంతే. మళ్ళీ ఇంటికొస్తానన్న మాట ఎత్తలా. మాస్టారు పకపకా నవ్వాడు ముందు. వారానికి ఆయనే ఫోను, "మీ అన్న దగ్గర ఇంకోటుందా అమ్మా" అని.

మొన్న ఎగ్జిబిషన్ హాల్లో పెట్టిన వాడి బొమ్మ చూశావుగా? నేనే. కారేజీ ఒలకబోసుకుని అరుస్తా. ఇంత నోరు! ఇంకేం దొరకలేదురా నీకు అంటే, "నన్ను ఆపిన నోరమ్మా, తగ్గించి వేస్తానా" అన్నాడు.

చాల్లే, ఆపు ఫోను. ఫొటోనా? తీస్కో. కొంగు సర్దుకోనీ. ఎక్కడికే పోతన్నావ్, నేనేమన్నా మిల్లు గోడనా అంత దూరం పోటానికి... ఒసేయ్, ఆగు! ఎనకాల మెట్టు!

రా, ఇట్టా రా. చెయ్యి ఇయ్యి. నూరేళ్ళు సల్లగా ఉండు తల్లీ. ఎనక్కి చూసుకోని నడువు.