మునేటి ఒడ్డు మేడ

నందిగామ దగ్గర, మునేటి ఒడ్డునున్న కరీమాబీ మేడకు వరద సర్వే కోసం చంద్రమౌళి అనే ఉద్యోగి వచ్చాడు.

"కిందటి వరదకి ఇల్లు మునిగిందామ్మా?"

"కింది వాటా మొత్తం మునిగిందండి."

"అయితే ఇది ప్రమాదంలో ఉన్న ఇల్లు. నీళ్లొస్తే ఖాళీ చేసి బడికి వెళ్లిపోవాలి."

"బడి మాకంటే ముందే మునిగిందండి. అక్కడున్న నలభై మందీ మా డాబా మీదకే వచ్చారు."

చంద్రమౌళి సంబరంగా రాసుకున్నాడు. "అయితే ఇక నుంచి మీ డాబాయే పునరావాస కేంద్రం."

"మరి నేను ఖాళీ చేసి ఎక్కడికెళ్లాలి?"

"కేంద్రానికే."

"అంటే ఇక్కడికేగా?"

"రూలు అంతేనమ్మా."

వరద రోజు తడి మెట్ల మీద జారుతూ పసిపిల్లల్ని పైకి మోసిన సంగతి కరీమాబీకి గుర్తొచ్చింది.

"అట్టాగే, బయటికెళ్లి మళ్లీ లోపలికొస్తా. డాబా మెట్లకి రెయిలింగ్ మాత్రం పెట్టించండి."

"ప్రమాదంలో ఉన్న ఇంటికి రిపేర్లు ఇవ్వరమ్మా."

"ఇంటికొద్దులెండి. పునరావాస కేంద్రానికి పెట్టించండి."

చంద్రమౌళి మళ్లీ పెన్ను తీశాడు.