మిరపకోత దగ్గు

ఇదేం ప్రశ్నే గ్రేసీ? ఏ కష్టం వల్ల ఆదాయం ఎక్కువ తగ్గిందీ అంటా. కరువా, నోట్ల రద్దా, వరదా, కరోనానా... ఒక్కదానికే టిక్కు పెట్టాలా? మీ నందిగామ కాలేజీ వాళ్ళకి పనేం లేదా? ముప్పై ఏళ్ళు మిరపకోత ముఠాకి మేస్త్రిగా చేసా. ఈ సౌభాగ్యమ్మని ఓ మాట అడిగి రాయాల్సింది ఈ కాయితం.

కూర్చో ముందు.

మునేరు ఎండిన ఏడు పెనుగంచిప్రోల్లో కాయే లేదు. ఆటో కట్టించుకుని ఖమ్మం వైపు పోయాం, బతికాం. నోట్ల రద్దప్పుడు రైతు చేతిలో డబ్బాడక, కూలికి కాయలే తూచి ఇచ్చాడు. అవి పేట బజార్లో అమ్ముకున్నాం. మొన్న వరదకి చేలు పోతే, ఇసుక మేట ఎత్తే పనన్నా దొరికింది. ఇక్కడ లేకపోతే ఇంకోచోట ఉండేది కదా? కరోనాకి ఆ ఇంకోచోటే లేకుండా పోయింది. ఖమ్మం వైపు పోతుంటే సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర మమ్మల్ని దొంగల్ని తిప్పినట్టు వెనక్కి తిప్పారు.

రాసుకున్నావా? ఇక పెన్ను పక్కన పెట్టు. ఇది కాయితానికి కాదు.

కరోనా రెండో ఏడు ఎండల్లో జబ్బు మళ్ళీ ముదిరింది చూడు, అప్పుడు వెంకటరత్నం గారి చేలో ఆఖరి కోత. దగ్గేవాళ్ళు ఒక్కరున్నా ముఠా మొత్తాన్నీ పంపించేస్తానన్నాడాయన. ఆయన భయం ఆయనది. కానీ మిరపచేలో దగ్గని వాళ్ళెవరే? ఘాటుకి పొద్దస్తమానం దగ్గుతానే ఉంటాం. మీ అమ్మ జెరూషా కూడా దగ్గింది. ఘాటులే అనుకున్నా.

నువ్వేమో ఇన్నేళ్ళుగా, మా అమ్మ మొండిది, జబ్బు దాచుకుని ప్రాణం మీదకి తెచ్చుకుందీ అని పోయినదాన్ని తిడతా ఉంటావు. నేను వింటా ఊరుకుంటా. ఇంక నా వల్ల కావట్లేదమ్మా.

ఘాటు దగ్గు ఇంటికెళ్ళి మొహం కడుక్కుంటే తగ్గుద్ది. ఆదివారం చేలోకి పోం, ఆ దగ్గు అసలుండదు. ఆ ఆదివారం ప్రార్థనలో మీ అమ్మ నా పక్కనే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని దగ్గింది. నాకు అర్థమైపోయింది.

బయటకొచ్చాక తనే అడిగింది, "అక్కా, రేపు ఆసుపత్రికి పోనా?" అని. నాలుగు రోజులే కోత, ఆగవే అన్నా. ఎవరన్నా అడిగితే ఘాటని చెప్పమన్నా. ఇరవై మంది కూలి పోద్దన్నా.

ఇరవై మంది అని చెప్పుకుంటా గానీ, తలకింత అని మేస్త్రికొచ్చే కమీషన్ నాకేగా.

అట్టా చూడకే. తిట్టేదుంటే నన్ను తిట్టు. మీ అమ్మ చేసిన తప్పల్లా నా మాట వినడమే.