క్షమాపణలో ఇరుక్కున్న ‘ఉంటే’

వీర్రాఘవులని, గోలీసోడా కంపెనీ ఆయన. కంపెనీ అంటే ఏముంది, రేకుల షెడ్డు, ఒక గ్యాసు మిషను, మూడొందల సీసాలు. ఆయన మీసం చూస్తే మటుకు పది మిల్లులున్నాయనుకుంటారు. ఒక్కో మీసం మీద రెండేసి కాకులు వాలేవి, నేను చూశాగా. ఆ సీసాల్లో పన్నెండిటి మెడకి ఎర్రదారం కట్టుండేది. అయ్యి ఊరవతల మా పేటోళ్ళకి. దారం లేనియ్యి ఊళ్ళోవాళ్ళకి. అన్నీ తోమేది మా పేట దీనమ్మే అనుకోండి. ఆమె తోమిన సీసాలో ఆమె తాగగూడదు. మీకు అర్థమైందా? నాకూ కాలేదు.

ఏమైందంటే, తిరనాళ్ళలో కొట్టు పెట్టి, మైకులో "రండి బాబూ, చల్లని సోడా" అని పిలుస్తున్నాడంట. ఆ ఎండకి కోళ్ళు ఉడికిన గుడ్లే పెడుతున్నయ్యి. దీనమ్మ నాలిక పిడచగట్టుకుపోయి, చేతికందిన సోడా కొట్టి తాగేసింది. ఆ సీసాకి దారం లేదు. ఈయన చూసి, మైకు నోటికాడే ఉన్న సంగతి మర్చిపోయి, "అది మీవాళ్ళ సీసా కాదే, మైలపడింది, ఏడుసార్లు తోము" అన్నాడంట. ఏడూళ్ళకి వినపడింది. దీనమ్మ మూతి తుడుచుకుని, "తోమేదీ నేనే గదయ్యా. ఏడుసార్లు ముట్టుకుంటే ఏడు మైలలు కావా?" అంది. అదీ మైకులో పోయింది.

మర్నాటి నుంచి మా పేటలో తోమేవాళ్ళు రారు, బండి తోసేవాళ్ళు రారు, తాగేవాళ్ళు లేరు. ఊళ్ళోవాళ్ళకీ సోడా లేదు. పెళ్ళి భోజనాలు తిన్నోళ్ళు తేన్పు రాక బూరల్లా ఉబ్బారు. ప్రెసిడెంటుగారు గాల్లోకి లేస్తుంటే నడుముకి తాడేసి మంచానికి కట్టారంట. కంపెనీ మూతపడేట్టుంది. వీర్రాఘవులు ఆలోచించి అన్ని సీసాలకీ ఎర్రదారం కట్టాడు. ఊళ్ళోవాళ్ళు ముట్టలేదు. అన్నిటికీ విప్పేశాడు. పేటోళ్ళు రాలేదు. చివరికి మైకు భుజానేసుకుని మా పేటకొచ్చి, "నా మాట వల్ల ఎవరికన్నా బాధ కలిగి ఉంటే క్షమించండి" అన్నాడు.

"ఉంటే ఏంటయ్యా?" అంది దీనమ్మ. "కలిగిందో లేదో నీకు తెలవదా? ఆ ఉంటే తీసి చెప్పు."

తీద్దామంటే రాదే. "బాధ కలిగి" దాకా వస్తాడు, "ఉంటే" దానంతటదే ఊడిపడుద్ది. మూడు రోజులు నించున్నాడంట, మీసాలు మోకాళ్ళదాకా జారినయ్యి. దీనమ్మకి జాలేసి, "నోటితో అయ్యేది కాదులే, తొట్టికాడికి పద" అని తీసుకుపోయి బ్రష్షు చేతికిచ్చింది. నువ్వు తోమిందాంట్లో మేం తాగుతాం, మేం తాగిందాన్ని మళ్ళీ నువ్వే తోమి, ఊరందరి ముందర తాగు, అందంట. తోమాడు. మా పేటంతా తాగింది. దీనమ్మ తాగి ఇచ్చిన సీసా తోమి, సోడా పట్టి, కళ్ళు మూసుకుని ఆయనా తాగాడు. అంత తేన్పొచ్చింది, షెడ్డు రేకులు రెండు లేచిపోయినయ్యి, వాటితోపాటే ఆ ఉంటే కూడా. "బాధపెట్టాను దీనమ్మా, తప్పు నాది" అన్నాడు, మైకు లేకుండానే.

కంపెనీ నిలబడింది. రోజూ దీనమ్మకి ఎదురుగా కూర్చుని ఆయనా తోమాల, అది ఆమె పెట్టిన షరతు. మనసు మారిందా అని నన్నడక్కండి, లోపలికి దూరి చూశానా. చేతులు మటుకు నీళ్ళలో నానీ నానీ అచ్చం మా చేతుల్లాగే అయినయ్యి. పక్కపక్కన పెడితే ఎవరియ్యో నేనే చెప్పలేను.