బయోస్కోప్‌లో అరిచే మావ

ఏటే కీర్తీ, ఇంత ముస్తాబయ్యావు, ఎక్కడికి? సినిమాకా? ఏం సినిమా? యుద్ధం సినిమానా! హావ్, ఇంత చక్కటి పిల్లవి, శనివారం పూట పోయి జనాలు చచ్చేది చూస్తావా? సరేలే, నీ కళ్ళు, నీ ఇష్టం. నీ స్నేహితురాలు కారేసుకుని రావడానికి ఇంకా టైముందన్నావుగా, ఆ కుర్చీ ఇలా లాక్కో. నీకు వెనక గది అద్దెకి ఎందుకిచ్చాననుకున్నావ్, నా మాటలు వినడానికి ఒక మనిషి కావాలనే. యుద్ధం సినిమా అంటే నాకు మా అప్పలసామి మావే గుర్తొస్తాడు. మా అమ్మ తమ్ముడు. నువ్వు చూళ్ళేదు, మీ విజయవాడలో నువ్వు పలకా బలపం పట్టుకున్న రోజుల్లోనే, తొంభై ఆరులో పోయాడు. ఆఫ్రికా కొసనున్న మా ఈ ఒట్టావా ఊళ్ళో పాతోళ్ళెవర్నైనా అడుగు, అప్పలసామి అంటే ఏ అప్పలసామి అంటారు. బయోస్కోప్‌లో అరిచే మావ అను, ఓహో ఆయనా అని అక్కడే నవ్వడం మొదలెడతారు.

అరవడమంటే అలాంటిలాంటి అరుపు కాదు. అప్పుడు మా బయోస్కోపులు, అదే సినిమా హాళ్ళు, మాకు వేరు, తెల్లోళ్ళవి వాళ్ళకి వేరు. మేము పక్కూరు వెరులమ్ పోయేవాళ్ళం, శనివారం మధ్యాహ్నం ఆటకి. మావ మూడో వరసలో నడవ పక్క సీటు, ఒళ్ళో టోపీ. ప్రేమ సినిమా అయితే నిద్రపోయేవాడు, గురకొకటి మళ్ళీ. యుద్ధం సినిమా అయితే మాత్రం కంటి రెప్ప వెయ్యడు. ఆ సినిమాలు నీకు తెలుసుగా, హీరో ఉంటాడు, హీరోకి ఒక మంచి స్నేహితుడుంటాడు, వాడికి కడుపులో గుండు తగలాలి. తగులుతుంది. పడతాడు, ఎంత చక్కగా పడతాడనుకున్నావ్, దువ్వుకున్న జుట్టు చెదరదు, మొహం మీద మసి కూడా పౌడరు అద్దినట్టే. హీరో వచ్చి తల ఒళ్ళో పెట్టుకుని నీళ్ళ సీసా మూత తిప్పుతాడు. అంతే, మావ లేచి నిలబడేవాడు. 'ఒరేయ్, నీళ్ళియ్యకురా! కడుపులో తగిలిందిరా, ఇయ్యకురా, నీ మొహం మండా!' తెలుగులో! ఆ అమెరికా సోల్జరుకి తెలుగొచ్చా చెప్పు? హాలంతా గొల్లుమనేది. పిల్లకాయలు కొందరు సినిమాకి కాదు, మావ అరుపుకే వచ్చేవాళ్ళు, మంచం మీద అమ్మమ్మకి జొరమొచ్చినా సరే. మేనేజరు టార్చిలైటు వేసుకుని ఒచ్చేవాడు, 'మిస్టర్ అప్పల్‌సామీ, సిట్ డౌన్ ప్లీజ్, ఇక్కడెవరూ చావట్లేదు' అని. 'చస్తాడు చూడు' అనేవాడు మావ. మరి చచ్చేవాడు కదా! ఆ నీళ్ళు తాగి, వాళ్ళమ్మకి ఉత్తరం చెప్పి, పెళ్ళాం ఫోటో చూసుకుని, దేశం గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి, అప్పుడు తల పక్కకి వాల్చేవాడు. మావ వెనక్కి తిరిగి మా అందర్నీ చూసి, 'చెప్పానా లేదా' అనేవాడు. నేనైతే సిగ్గుతో సీటు కిందికి దూరిపోయేదాన్ని. పెళ్ళి కావాల్సిన పిల్లని మరి.

మావ నిజంగానే యుద్ధానికి పోయొచ్చాడు తెలుసా. ఉత్తర ఆఫ్రికాలో, ఆ ఎడారిలో, రెండేళ్ళున్నాడు. కానీ మన రంగోళ్ళకి తుపాకీ ఇయ్యలేదు ఆ రోజుల్లో. లారీ తోలమన్నారు, వంట చెయ్యమన్నారు, మావని స్ట్రెచర్ మొయ్యమన్నారు. సినిమాల్లో ఎక్కడన్నా చూశావా, స్ట్రెచర్ మోసే నల్లటి మనిషిని? మావ వెతికేవాడు పాపం. 'మనోళ్ళెక్కడే గ్లాడిసూ? ఆ పడిపోయినోళ్ళందర్నీ ఎవరు మోసుకెళ్తున్నట్టు, వాళ్ళే లేచి నడిచిపోతున్నారా?' అని నన్నడిగేవాడు. మా ఇంటికి పిల్లలొస్తే ఊరుకోరుగా, 'తాతా, యుద్ధంలో ఎంతమందిని చంపావు?' అని అడిగేవాళ్ళు. 'ఒకణ్ణి' అనేవాడు. ఇంక చూస్కో, పగలబడి నవ్వడం. 'తుపాకీ లేకుండా ఎలా చంపావు తాతా, స్ట్రెచర్‌తో కొట్టావా?' ఆయనా నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని, ఎందుకు అబద్ధమాడాలి. అందరికంటే నేనే ఎక్కువ నవ్వేదాన్ని.

అత్త పోయాక మావ మా ఇంటికే ఒచ్చేశాడు. ఒకరోజు ఇక్కడే, ఈ వరండాలోనే, ఇద్దరం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తన్నాం. నాకు నోరు దురద కదా, 'అంత అరుచుకుంటూ అసలా సినిమాలకి పోవడమెందుకు మావా, నీకు బీపీ పెరగడం తప్ప' అన్నా. చేతిలో కాయకి ఈనె తీసి గిన్నెలో వేశాడు మావ. 'ఒక్కడన్నా నీళ్ళు తాగి బతుకుతాడేమో చూద్దామనే' అన్నాడు. అప్పుడు చెప్పాడు మొత్తం.

ఎడారిలో ఒక పొద్దున్న పెద్ద దాడయిందంట. ఇండియా నుంచొచ్చిన పటాలాలు పక్కనే ఉన్నాయి. మావా, మా దేశంలోనే కేప్ వైపు నుంచొచ్చిన ఇంకో మనిషీ ఒక సిపాయిని మోసుకొస్తన్నారు, కడుపులో గాయం. ఆ కేప్ మనిషి కాలు జారి స్ట్రెచర్ ఒదిలేశాడు. మావకి కోపమొస్తే తెలుగే కదా, 'నీ చేతులు పడిపోనూ' అని తిట్టాడు. మా ఇళ్ళల్లో తెలుగు మిగిలిందే తిట్లలోను, వంటల్లోను. ఆ స్ట్రెచర్ మీదోడు కళ్ళు తెరిచి, 'తెలుగోడివా అన్నా?' అన్నాడంట. చూడు, ఎక్కడ మీ ఆంధ్రా, ఎక్కడ మా తాతలు కూలికొచ్చిన ఈ చెరుకు తోటలు, ఇద్దరూ ఆ ఇసకలో కలుసుకోవడం. తిట్టుతో చుట్టరికం కలిసింది. ఇంక ముందుకి పోలేక ఒక పల్లంలో దింపారు. కేప్ మనిషి అంబులెన్సు బండి కోసం పరిగెత్తాడు. మావ ఒక్కడే ఆ సిపాయి దగ్గర కూచున్నాడు, మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ. డాక్టర్లు ముందే గట్టిగా చెప్పారు, కడుపులో తగిలినోడికి నీళ్ళియ్యకూడదు, ఇచ్చావా, నువ్వే చంపినట్టు. ఆ పిల్లాడు ఊరుకోడే. మావ చొక్కా పట్టుకుని, 'కప్పు అన్నా, కప్పు' అంటాడంట. పాపం పటాలంలో నేర్చుకున్న ఇంగ్లీషు మాట, దాహంతో కప్పు అడుగుతున్నాడు అనుకున్నాడు మావ. వింటున్న నేనూ అదే అనుకున్నా. చాలాసేపు చెవులు మూసుకున్నాడంట. ఇంక ఉండలేక తన రేకు మగ్గుతో నీళ్ళు పట్టాడు. తాగాడు. మళ్ళీ 'కప్పు' అన్నాడు, మళ్ళీ పట్టాడు. మూడుసార్లు. బండి ఒచ్చేసరికి పోయాడు. ఆ ఒకడు వీడే. పిల్లలు నవ్విన ఆ ఒకడు.

ఏటే అలా చూస్తన్నావ్? అప్పుడే అర్థమైపోయిందా నీకు? అవునులే, నువ్వు అక్కడ పుట్టినదానివి. నోరు మూసుకో, నా కథకి అడ్డం రాకు. మాకు యాభై ఏళ్ళు పట్టింది.

మా రంగోళ్ళమందరం మొదటిసారి ఓటేశాం చూడు తొంభై నాలుగులో, పొద్దున్నుంచీ లైన్లో నిలబడి, మావ అయితే 'ఇంత లైను యుద్ధంలో సూపు కోసం నిలబడ్డా, ఇక్కడ సూపు కూడా లేదు' అని గొణుగుతూనే ఉన్నాడు. దాని మరుసటేడు మా పక్కింట్లోకి డాక్టరు గిరిధరరావు గారొచ్చారు, మీ ఆంధ్రా నుంచే, భార్య వసుమతి. ఈ రోజు నేను నీతో ఇంత తెలుగు మాట్లాడుతున్నానంటే ఆ పిల్ల పుణ్యమే. అంతకుముందు నా తెలుగు వింటే నువ్వు లేచి పారిపోయేదానివి. సరే, జూలైలో, మాకిక్కడ చలికాలం కదా, మావకి ఫ్లూ. ఆదివారం చర్చి నుంచొచ్చి చూస్తే సోఫాలో పడుకుని వణుకుతున్నాడు. వసుమతి చారు చేసి తెచ్చింది, వెనకే డాక్టరు. ఆ పిల్ల మావ నుదురు ముట్టుకుని, 'వణికిపోతున్నారు ఆంటీ, కాస్త కప్పండి' అంది. నేను సరే అని వంటింట్లోకి పోయి ఒక మంచి కప్పు, పువ్వులది, తెచ్చి చేతిలో పెట్టా. ఆ పిల్ల దాన్ని చూసి, నన్ను చూసి, మొదలెట్టింది నవ్వు. 'ఆ కప్పు కాదు ఆంటీ! కప్పడం. ఇదిగో ఇలా' అని కాళ్ళ దగ్గరున్న బ్లాంకెట్టు తీసి మావ గెడ్డం దాకా లాగింది. మా ఇంట్లో బ్లాంకెట్ వెయ్యి అనేవాళ్ళమే, కప్పు అంటే టీ కప్పే. డాక్టరు నవ్వు, నేను నవ్వు, కడుపు పట్టుకుని నవ్వుతున్నాం.

మావ నవ్వలేదు. 'ఇంకోసారి చెప్పమ్మా' అన్నాడు. 'ఏం లేదు తాతగారూ, చలేస్తే అంటాం కదా, కప్పు, కప్పు అని' అంది ఆ పిల్ల. మావ డాక్టరు వైపు తిరిగి, 'ఎడారిలో, మిట్టమధ్యాహ్నం, చలేస్తుందా?' అన్నాడు. 'రక్తం పోతే ఎండలోనైనా చలేస్తుంది' అన్నాడాయన, ఎందుకడుగుతున్నాడో తెలీక. అప్పుడు మావ వాళ్ళకీ చెప్పాడు, నాకు చెప్పినట్టే. చెప్తుంటే నా చేతిలో ఇంకా ఆ పువ్వుల కప్పుంది, ఎక్కడ పెట్టాలో తెలీలేదు. డాక్టరు మంచాయన. మావ చెయ్యి పట్టుకుని, 'మీ నీళ్ళ వల్ల పోలేదు తాతగారూ. అలాంటి గాయానికి అన్ని గంటలు ఆలస్యమైతే, నీళ్ళిచ్చినా ఇవ్వకపోయినా అంతే. మీరు చంపలేదు' అన్నాడు. నేనైతే ప్రభువా నీకు స్తోత్రం అని పెద్దగా అనేశా. 'విన్నావా మావా, నువ్వు ఎవర్నీ చంపలేదు, ఇంక హాయిగా ప్రేమ సినిమాలు చూడు' అని కూడా అన్నా. యాభై ఏళ్ళ బరువు దిగిపోయింది, ఇంక లేచి చారన్నం తింటాడనుకున్నా.

'దాహమే లేకపోతే మరి ఎందుకు తాగాడు?' అన్నాడు మావ. ఆ వసుమతే, చిన్నపిల్ల, మెల్లిగా అంది, 'అన్నా అని పిలిచాడు కదా తాతగారూ. అన్న ఇస్తే కాదనలేకపోయాడేమో' అని. మావ కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. అంతకుముందు ఆయన ఏడవడం నేనెప్పుడూ చూళ్ళేదు, అత్త పోయిన రోజు కూడా. బయోస్కోప్‌లో ఆయన్ని చూసి నవ్విన నవ్వులన్నీ అప్పుడు నాకు గుర్తొచ్చాయే కీర్తీ. దగ్గరికి రమ్మని సైగ చేశాడు. చెవి దగ్గర పెట్టా. 'ఆ రోజు నా దగ్గర బ్లాంకెట్టు ఉందే గ్లాడిసూ' అన్నాడు. 'ఇసక కాలిపోతందని, నాలుగు మడతలేసి, దాని మీద నేను కూచున్నాను.'

…

అదిగో, కోతులొచ్చినట్టున్నాయి. లేవవే, వంటింటి కిటికీ ముయ్యి, బ్రెడ్డు ఎత్తుకుపోతాయి.