మా సుక్రు మీద పేడనీళ్ళు

“మామ్మా, నువ్వు టీవీలో రెజ్లింగ్ చూసి రిఫరీని తిట్టేదానివంట కదా? నాన్న చెప్పాడు.”

తిట్టకేటి సేత్తాను మరి? ఒకడు ఎనకమాల నుంచి కుర్సీ ఎత్తి ఈపు మీద కొడతంటే, ఆ సారల సొక్కా వోడు అటు తిరిగి జనాన్ని సూత్తన్నాడు. తిట్టనా? ఇప్పుడు కనిపించినా తిడతాను. ఉండు, ఈ టీ తాగీసి సెప్తాను. ఆ ఫోను నా మొకం మీద ఎట్టకే, కొంచెం అవతల ఎట్టు. మాట పడతందా? సరే.

ఆ టీవీ మీ సిన్నతాతది. సుక్రు. మీ తాతకి తమ్ముడు, నాకు మరిది. నాను ఈ ఇంటికి కోడలిగా వచ్చీసరికి ఆడికి ముక్కు సీదుకోడం కూడా రాదు, నానే తానం సేయించీదాన్ని. ఒక యేడు కాఫీకి మంచి దర పలికింది. ఎప్పుడంటే... మీ నాన్నకి పెళ్ళయిన యేడు. కాదు కాదు, అప్పటికింకా హాస్టల్లోనే ఉన్నాడు. అందరూ ఆ డబ్బులతో ఇంటికి రేకులేయించుకున్నారు. ఈడు కలర్ టీవీ కొన్నాడు. మీదన ఆ గొడుగొకటి, డిష్షు. విశాపట్నంలో కొని కిరండోలు రైలుబండెక్కించేడు. టైడా కాడ జనం బాగా ఎక్కీసేరంట, ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాడంట పిల్లని కూకోబెట్టుకున్నట్టు. టేసను నుంచి నెత్తి మీద ఎట్టుకుని నడిసొత్తంటే, అంత పెద్ద మూకుడు, ఏ ఊరి పెళ్ళికి బాబూ అని దారంతా అడిగేరంట.

అందులో బొమ్మలు సానా వచ్చీవి. మాకు మటుకు కుస్తీయే గావాల. ఎందుకంటావా? ఇంగిలీసు రాకపోయినా దెబ్బ తెలుత్తది గదా. సాయంత్రం జొన్నకూడు తినీసి అందరం సుక్రు వాకిట్లో కూకునీవోలం. ఆళ్ళ పేర్లు మాకు నోరు తిరగవు, మేవే ఎట్టుకున్నాం. ఒకడు జుట్టోడు, ఒకడు ఎర్రసెడ్డీవోడు. ఇంకొకడు మొకానికి సున్నం రాసుకుని కళ్ళు తిప్పుతా వచ్చీవోడు, ఆడికి మన దిసారి పేరెట్టీసేం. పండగలకి మూర్తం సెప్పీ దిసారి మనూరి పెద్దమనిసి, ఆయన మా ఎనకే కూకునీవోడు. కోపమేటి, ఆ సున్నపోడు గెలిత్తే ఇయ్యాల నానే గెలిసేనని మీసం దువ్వుకునీవోడు.

నాను జుట్టోడి వైపు, సుక్రు ఎర్రసెడ్డీ వైపు. జుట్టోడు పడిపోతే ఆడు నా మొకం సూసి పడీపడీ నవ్వీవోడు. ఎర్రసెడ్డీ పడితే నాను ఊరంతా ఇనపడీలాగ నవ్వీదాన్ని. ఒకపాలి బడి మేస్టారు వచ్చి కూకున్నారు. ఇజీనారం వైపు మనిసి, మంచోరే. అదంతా ఉత్తిదే సోములమ్మా, ఆళ్ళు ముందే మాటాడుకుని కొట్టుకుంతారు అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అలగైతే మీరే ఎల్లి ఆడి కింద పడుకోండి మేస్టారూ, ఉత్తిదో నిజవో తెలుత్తది అన్నాను. పాపం, మళ్ళీ రానేదు ఆయన.

సరే, కుస్తీ అటుంచు. ఇటుకల పండగ సంగతి నీకు సగమే తెలుసు, హాస్టల్లో పెరిగినదానివి. ఎండలు ముదిరి మావిడికాయ కాసీసరికి వత్తది. మొగోళ్ళందరూ బాణాలట్టుకుని యేటకెల్లాల. ఆడోళ్ళం రోడ్డుకి అడ్డంగా కర్ర కట్టి, పాటలు పాడుతా, బస్సైనా జీపైనా ఆపీసి డబ్బులడుగుతాం. ఏటకెల్లినోడు ఏదైనా తెత్తే సరే. ఉత్త సేతుల్తో వచ్చేడా, పేడనీళ్ళు. కుండలు కుండలు కలిపి ఉంచుతాం. అడివిలో అప్పటికే ఏటుందని? కుందేలు తోకైనా దొరకదు. అంచేత ప్రతీవోడికీ తానమే. కానీ ఎవులు మీద పడితే ఆళ్ళ మీద పొయ్యకూడదు. వరస ఉండాల. అన్న మీద పొయ్యం, మావ మీద పొయ్యం. బావ మీదా, మరిది మీదా మటుకు దయుండదు.

సుక్రు ఏ యేడూ ఒక పిట్టని కూడా తేనేదు. సెట్టు కింద నిద్రోయి వచ్చీవోడని నా అనుమానం. నా కుండ ఆడికోసరమే ఏరే ఉండీది.

ఆ తరవాత యేడు ఆడి పెళ్ళానికి జొరమొచ్చి మనిసి సల్లబడిపోయింది. దిసారి మంత్రం ఏసేడు, తగ్గనేదు. కొండ కింద నుంచి కొత్తగా వచ్చిన పాస్టరుగోరు, కుర్రోడే, ఆయన తన బండి మీద ఎనకాల కట్టీసి ఆస్పత్రికి తీసుకెల్లేడు. అక్కడే కూకుని పార్దన సేసేడు, మందులూ తెచ్చేడు. బతికింది. సుక్రూ ఆడి పెళ్ళావూ పాస్టరుగోరి గుడికెల్లడం మొదలెట్టేరు, మరికొన్ని ఇళ్ళు కూడా ఎల్లేయి. అందులో తప్పేటి? నాకైతే కోపం రానేదు. బతికించినోడి కాడికి ఎల్లకపోతే ఎక్కడికెల్తారు?

కోపం జీపులేసుకుని వచ్చింది. ముందొక జీపొచ్చింది, మైకెట్టి మీ దేవుళ్ళు రాళ్ళు, మొక్కొద్దన్నారు. కొన్నాళ్ళకి ఇంకో జీపొచ్చింది, నుదుట ఇంతింత బొట్లు. గుడికెల్లినోళ్ళు మీ వోళ్ళు కాదు, కలవొద్దన్నారు. ఇద్దరూ కొండ కిందోళ్ళే. ఇద్దరూ మన ఊట నీళ్ళు తాగనేదు, సీసాల్లో తెచ్చుకున్నారు. సెప్పీసి ఎల్లిపోయేరు. ఉండిపోయినోళ్ళం మనం. ఇప్పుడు మీ ఫోన్లలో కొట్టుకుంతారు సూడు, అప్పుడవి జీపుల్లో వచ్చీవి, అంతే తేడా.

మా తగువు మొదలయింది. పండగ మాంసం దేవుడికిచ్చింది, తినం అన్నారు ఆళ్ళు. అలగైతే మా పండక్కి రావొద్దన్నారు ఈళ్ళు. టీవీ కాడ ఆళ్ళు ఒక పక్కా, మేవు ఒక పక్కా కూకున్నాం. తరవాత మీ తాత అక్కడికే ఎల్లొద్దన్నాడు. నాకూ పంతం వచ్చీసింది, మానీసేను. జుట్టోడేటయిపోయేడో అని కూడు సయించేది కాదు, నవ్వకే. గోడవతల నుంచి సౌండు ఇనపడీది. ఒకరోజు ఆ సౌండు గట్టిగా వచ్చింది. మర్నాడు ఇంకా గట్టిగా. ఆడికి సెవుడేటీ నేదు. నాకోసరం పెంచుతన్నాడని అర్దమయింది. గోడకి సెవి ఆనించి కూకునీదాన్ని, జనం కేకలు బట్టి ఎవుడు పడ్డాడో సెప్పుకునీదాన్ని.

మేం కొట్టుకున్నా బాగుండీదే. కొట్టుకోనేదు, నవ్వడం మానీసేం. దారిలో ఎదురైతే, బాగున్నావా వదినా అన్నాడు. ఆడెప్పుడూ నన్ను బాగున్నావా అని అడగనేదు, ఇంకా సావనేదేటి ముసలీ అనీవోడు. ఇంక ఈడు మన సేతుల్లోంచి ఎల్లిపోయేడు అనుకున్నాను. ఆ రోజు ఏడిసేను కూడా.

పండగొచ్చింది. రోడ్డు మీద కర్ర కట్టేం. మొగోళ్ళు ఉత్త సేతుల్తో దిగేరు, తడిసేరు, అరిసేరు. నా కుండ అలగే ఉంది. ఎవులు మీదా పొయ్యబుద్ది కానేదు. అప్పుడు సంత వైపు నుంచి సుక్రు వత్తన్నాడు. గుడికేసుకెల్లీ తెల్ల సొక్కా, తెల్ల పంట్లాం, నూనె రాసి దువ్విన తల. కాఫీ తోటల ఎనకాల నుంచి దారుంది, మాకు కనబడకుండా పోవచ్చు. పోనేదు, రోడ్డు మీదే వచ్చేడు. మా ఆడగుంటలు ఏటి సేసేయో తెలుసా, కుండలు కింద ఎట్టీసి, కర్ర ఎత్తీసి, పక్కకి తప్పుకున్నాయి, తాసీల్దారు వచ్చినట్టు. ఆడు కర్ర దాటి రొండడుగులు ఏసేడు. ఆగేడు. ఎనక్కి తిరిగి నా కాడికొచ్చేడు.

“ఏటి వదినా, నానూ ఉత్త సేతుల్తోనే వచ్చేను గదా. నా మీద పొయ్యవా?”

నాను కుండ మీద సెయ్యేసేను.

“మీ పాస్టరుగోరు ఊరుకుంతాడేటిరా?”

“పాస్టరుకి ఇక్కడ వదిన నేదు. నాకుంది.”

కుండెత్తి బోర్లించేసేను. సుక్కైనా దాసుకోనేదు. తెల్ల సొక్కా పచ్చగయిపోయింది. ఆడు మొకం తుడుసుకుని, నీ జుట్టోడు నిన్న కూడా ఓడిపోయేడే ముసలీ అన్నాడు. ఇంక నవ్వేం సూడు ఇద్దరం, రోడ్డు మీద బస్సాగిపోతే డ్రైవరు కూడా దిగి నవ్వేడు. ఆ సాయంత్రం ఎల్లి టీవీ ముందర కూకున్నాను. మీ తాత గొణిగేడు, గొణిగి ఆయనే ముందర కూకున్నాడు. తగువు పూర్తిగా పోయిందని సెప్పను, ఆ మాంసం ఆళ్ళు ఇప్పటికీ తినరు. ఏరే కోడి కోసి ఎడతాం.

మేస్టారు సెప్పింది నిజమేనంట, తరవాత తెలిసింది. ముందే మాటాడుకుంతారంట. ఎత్తి పడేసినోడే కిందోడి మెడ ఇరక్కుండా సూసుకుంతాడంట. అయితే ఏటి? నమ్మకం నేకపోతే ఎవుడు ఎత్తనిత్తాడు?

సుక్రు మొన్న వానల్లో పోయేడు, నీకు పరీచ్చలని రానేదు నువ్వు. గుడెనకాల మన్ను సేసి పైన సిలువెట్టేరు, తెల్ల సున్నం ఏసేరు. ఈ పండక్కి నాను ఒక సెంబుడు పేడనీళ్ళు కలిపి అట్టుకెల్లేను. ఆడి కొడుకు అక్కడే ఉన్నాడు, ఏటి పెద్దమ్మా అన్నాడు. కల్లాపి సల్లుతానురా, వాకిలి కాదేటి ఇది అన్నాను. పక్కకి జరిగేడు.

ఈ యేడూ ఏటీ తేనేదు గదరా అని సెప్పి, పోసేను.

ఊఁ... ఆపీ ఇంక, ఆ ఫోను ఆపీ. ఏడుపేటే, నాను ఏడవనేదు, నువ్వేటి? ఇలగ రా. సల్లగుండు. బేగి పెళ్ళి సేసుకో, సేసుకోపో, నీ ఇష్టం. కానీ సేసుకుంటే మటుకు మరిదున్న ఇంటికెల్లు, నీ కుండకి ఎదురుగా వచ్చి నిలబడీవోడు ఉండాల...