బల్ల కాడ వణుకు

పులివెందుల చర్చిలో ఆరాధన ముగిసింది. ప్రభువు బల్ల దగ్గర అందరికీ ద్రాక్షారసం పంచిన సంస్కారపు గ్లాసులు కడుగుతున్న పెద్దామె, మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న మనిషిని చూసింది.

“ఏమప్పా, మూడు నెల్లుగా బల్ల కాడికి రాకుండా తప్పించుకోని పోతాండావు?”

“తాగుడు మాని నూరు దినాలే అయిందత్తా. ద్రాక్షారసం నోట్లో పడితే మళ్లా మొదులుపెడతానేమోనని భయం.”

“ఓరి పిచ్చోడా! అది ఎండుద్రాక్ష నానబెట్టి నేనే కాచిన రసం. ఇంద, ఈ గ్లాసులో మిగిలింది వాసన చూడు.”

“పాయసం వాసన వస్తాందే!”

“మరి? వచ్చే నెల రా.”

“చేతులు వణుకుతాండాయత్తా. తమ్ముడు కండ్ల ముందరే పోయినప్పట్నుంచి ఇంతే. ఒలకపోస్తే?”

“తుడుచుకుందాంలే. నా చేతులు చూడు, ముసలితనానికి ఎట్లా ఆడతాండాయో! నా పక్కనే నిలబడు. ప్రభువు ముందర ఇద్దరం కలిసే వణుకుదాం.”