చిన్నప్ప వేసిన తుప్పు

నూజివీడు బస్టాండు ఎదురుగా ఉన్న పద్మ టీ కొట్టు బెంచీ మీద ఓ చెక్క ఉంది, దాని మీద బొమ్మ రైలు పట్టాలున్నాయి. పద్మ కూతురు అన్విత బళ్ళో ఎగ్జిబిషన్‌కి అది ఇంకాసేపట్లో వెళ్ళాలి. తళతళలాడే ఆ పట్టాల్ని అచ్చం నిజం పట్టాల్లా చేస్తానని పట్టుకెళ్ళిన నంబర్ ప్లేట్ల పెయింటర్ చిన్నప్ప ఇప్పుడే తెచ్చి పెట్టాడు. అన్విత దానికి వైర్లు బిగించి బొమ్మ రైలు ఎక్కిస్తోంది. ఆటో శౌరి టీ తాగుతున్నాడు. వినేవాళ్ళు దొరికాక చిన్నప్ప ఊరుకుంటాడా?

"నేనేదో ఘనకార్యం చేశానని చెప్పట్లేదు శౌరీ. కంకర కోసం క్రషర్ డస్టు తెచ్చి మా ఆవిడ ఇన్నమ్మ పిండి జల్లెడలో జల్లించా. అందుకు ఆవిడ నన్ను జల్లించిందనుకో, అది వేరే కథ. పట్టాల కింద దిమ్మెలకి, పద్మమ్మా, నీ కొట్టు డికాక్షనే పూశా. పక్కన ఎండుగడ్డి ఉండాలిగా? పోయిన వేసవిలో తిన్న చిన్నరసాల టెంకలు దాచాలే, ఆ పీచు దువ్వి నాటా. ఇక తుప్పు! ఆ రంగు కలిపేవాడు రెడ్డిగూడెం నుంచి జి. కొండూరు దాకా ఇంకోడు లేడు. ఎక్కడా కాస్త మెరుపు కూడా కనబడకుండా వేశా."

"బాగానే ఉంది బాబాయ్."

"బాగానే ఉండటమేంట్రా! ఆరబెడదామని అరుగు మీద పెట్టానా, మా పిల్లి అటూ ఇటూ చూసి, రైలు రావట్లేదని నమ్మకం కుదిరాకే దాటింది. చీమలైతే మరీనూ, గేటు పడిందనుకుని ఇటొక బారు అటొక బారు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గేటు దగ్గర పల్లీలు అమ్ముకున్నావా అన్నయ్యా?" అంది పద్మ.

"నవ్వు, నవ్వు. మర్నాడు సుత్తి భుజానేసుకుని గ్యాంగ్‌మేన్ దిగాడు. మా లైను మీ అరుగు మీదకెలా వచ్చిందండీ అని, వంగి వంగి అంతా తట్టి చూసుకుని పోయాడు. వాడటు పోయాడో లేదో మామిడి షావుకార్లు పెట్టెలతో వరస కట్టారు, ఢిల్లీకి బుకింగ్ ఎక్కడండీ అంటూ. చెట్టు మీద ఇంకా పూతే ఉంది కదయ్యా అంటే, ముందు చోటు పట్టుకుంటామన్నారు!"

"మామయ్యా, ఒక్కసారి ఇటు చూస్తారా?" అంది అన్విత.

"ఉండమ్మా, అసలు కథ ఇప్పుడే. నూజివీడు స్టేషనని పేరే గానీ అదెక్కడుంది? హనుమాన్ జంక్షన్‌లో! మన పేరు పెట్టుకుని మన ఊరికి రాదు రైలు. మొన్న హౌరా మెయిలు డ్రైవరు అక్కణ్ణుంచి తలెత్తి చూశాడు. నా తుప్పు కనబడింది. అసలు లైను అదిరా అని బండి ఇటు తిప్పేశాడు! తోటల్లోంచి ఒక్క పూత రాలకుండా వచ్చి మా అరుగు ముందు ఆగింది. ఇన్నమ్మ రైలంతటికీ ఉప్మా పెట్టింది. ఊళ్ళోకి రైలు రప్పించిన మొనగాడెవడయ్యా అంటే..."

"మామయ్యా!" అన్విత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఆ పెద్ద రైలు ఎలా వచ్చిందో గానీ, నా చిన్న రైలు జానెడు కదలట్లేదు. కరెంటు పట్టాల పైనుంచే చక్రాలకి ఎక్కాలి. మీరు పైన కూడా తుప్పు రంగేశారు."

చిన్నప్ప పట్టాల మీదకి వంగి చూశాడు. "అంటే... అచ్చం నూజివీడు పట్టాలు కదమ్మా, రైలు రాకపోవడమే..."

పద్మ గిన్నెలు తోమే ఇనప పీచు అతని చేతిలో పెట్టింది. "కథలు తర్వాత. తోము అన్నయ్యా."

చిన్నప్ప పట్టాల పైభాగమంతా తోమాడు. పక్కన తుప్పు తుప్పుగానే ఉంది, పైన మాత్రం సన్నగా మెరుపు తేలింది. అన్విత స్విచ్ వేసింది. ఇంజను ఒక్క కుదుపుతో కదిలి, టెంక పీచు గడ్డిని రాసుకుంటూ ఒక చుట్టు తిరిగింది.

"అబ్బ, ఇప్పుడు నిజం పట్టాలే మామయ్యా!" అని అన్విత చప్పట్లు కొట్టింది.

చిన్నప్ప ఛాతీ మళ్ళీ పొంగింది. "నే ముందే అనలా? ఆ డ్రైవరు కూడా..."

శౌరి ఖాళీ గ్లాసు పెట్టి చెక్కని జాగ్రత్తగా ఆటోలోకి ఎత్తుకున్నాడు.

"అది సరే గానీ బాబాయ్, పట్టాలేమో నువ్విక్కడికి పట్టుకొచ్చేశావు. మీ అరుగు ముందున్న మెయిలు ఇప్పుడు వెనక్కెలా వెళ్తుంది?"